నిలవని పొర

పందొమ్మిదోసారి కూడా పొర చెడిపోయింది.

కంప్యూటర్ తెరమీద పొర తీరు చూపే గీత నలభై నిమిషాలు బుద్ధిగా నడిచింది. ఉన్నట్టుండి తాగినవాడిలా తూలింది.

“మళ్లీనా!” అంటూ చిన్నమ్మాయి తల పట్టుకుంది. ఆ ప్రయోగశాలలో అందరికంటే జూనియర్ ఆమె. తొట్టె కడిగే పని ఆమెదే.

తొట్టె అంటే పెద్దదేమీ కాదు, పెన్సిళ్ల పెట్టెంత. అందులో నీళ్లు. కొవ్వు ఆమ్లం, విటమిన్ ఇ కలిపిన ద్రావణం ఒక్క బొట్టు ఆ నీటిమీద వదిలితే చాలు, ఒకే ఒక్క అణువు మందాన పొరలా పరుచుకుంటుంది. గాలి తగిలితే కొవ్వు పాడవుతుంది. విటమిన్ దాన్ని కాపాడాలి. గంటసేపు కాపాడిందంటే ప్రయోగం నెగ్గినట్టే.

నెగ్గితేనే అద్దాలాయనకు సెలవు.

ప్రయోగం చేసే సైంటిస్టు ఆయనే. జారిపోయే కళ్లద్దాలను నిమిషానికోసారి ముక్కుమీదికి తోసుకుంటాడు కాబట్టి ఆ పేరు. ఆయన భార్య అన్నగారు కొత్తగా వ్యాను కొన్నాడు. రెండు కుటుంబాలూ కలిసి పదిహేను రోజులు సముద్రతీరం వెంట తిరిగి రావాలని ఆ బావగారి ముచ్చట. ఒకటో తారీఖున ప్రయాణం. పొర నిలిచేదాకా సెలవు మాటెత్తవద్దని ప్రయోగశాల నడిపే పెద్దమేడం ముందే చెప్పేసింది.

అద్దాలాయన ఫోన్ మోగింది. అది చెవికి ఆనించుకున్నా గదంతా వినబడే రకం.

“ఏమండీ, నిలిచిందా?”

“లేదే.”

“లేదా! మా అన్నయ్య వారం నుంచి మనింట్లోనే కూర్చుని బతిమాలుతుంటే మీకు ఆ పొర ఎక్కువైపోయిందా? దాంతోనే కాపురం చేసుకోండి!”

ఆమె వెనక ఎవరో గొంతు చించుకుని పాడుతున్నారు.

“ఎవరు సార్ అది?” అంది చిన్నమ్మాయి.

“మా బావగారే. దారిపొడుగునా పాడాలిగా, సాధన చేస్తున్నారు. రెండొందల పాటలు రాసి పెట్టుకున్నారు” అన్నాడు అద్దాలాయన, అద్దాలు పైకి తోసుకుంటూ.

“ఎంత సరదా మనిషండీ! ఆయనతో వెళ్తే పొద్దే తెలీదు” అన్నాడు అటెండరు బాబాయి.

అంతలో పెద్దమేడం వచ్చింది. తెర చూసింది. గది నలుమూలలా చూసింది.

“నీళ్లలో ఎవరిదో జిడ్డు పడుతోంది. తలనూనె కావచ్చు, క్రీము కావచ్చు. అంతదాకా ఎందుకు, చేతి తొడుగులు వేసుకున్నా సరే, ముఖం తుడుచుకున్న వేలు నీటికి ఒక్కసారి తగిలితే పొర గోవిందా!”

ఒక్కొక్కరి తలా వాసన చూసుకుంటూ వెళ్లింది. బాబాయి దగ్గర ఆగింది.

“ఇది తలా, నూనె గానుగా?”

“చిన్నప్పట్నుంచీ అలవాటమ్మా.”

“అయితే ఈ గుమ్మం దాటకు.”

బాబాయి ముఖం చిన్నబోయింది. మర్నాడు నున్నటి గుండుతో వచ్చాడు.

“అయ్యో, ఇదేంటి బాబాయ్!” అంది చిన్నమ్మాయి.

“జుట్టుదేముందమ్మా, మళ్లీ మొలుస్తుంది. సార్ వాళ్లు సముద్రం చూడొద్దూ?”

ఆ గుండు వంక చూడలేక అద్దాలాయన తల దించుకున్నాడు.

చిన్నమ్మాయి క్రీములు మానేసింది. తొట్టెను ఏడుసార్లు కడిగింది. కడిగిన ప్రతిసారీ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ గదిలో ఇంతమంది ఒకే మాట కోరుకుంటుంటే ఆయన ఎందుకు ఆలకించడం లేదో ఎవరికీ అర్థం కాలేదు. బహుశా ఆయన దగ్గర ఇంకెవరి మొర అయినా ముందు చేరిందేమో.

ఇరవై మూడో పొర కూడా తూలింది. రేపే ఒకటో తారీఖు.

పెద్దమేడం మనసు కరిగింది. “పోనీలెండి, వెళ్లి రండి. పొర సంగతి తర్వాత చూద్దాం.”

అద్దాలాయన ఉలిక్కిపడ్డాడు.

“వద్దు మేడం. చేతిలో పని వదిలేసి నేను షికారుకెళ్లలేను.”

“చూసి నేర్చుకో” అంది పెద్దమేడం, చిన్నమ్మాయితో. బాబాయి కండువాతో కళ్లొత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్. “వెళ్లిపోయారండీ! మనల్ని వదిలేసి వెళ్లిపోయారు!” అని భార్య బావురుమంది. గదిలో ఎవరూ తలెత్తలేదు.

అద్దాలాయన తొట్టె దగ్గర కూర్చుని ఇరవై నాలుగో బొట్టు వదిలాడు.

నలభై నిమిషాలు. గంట. గంటన్నర. గీత చెక్కు చెదరలేదు.

చిన్నమ్మాయి చప్పట్లు కొట్టింది. బాబాయి మాత్రం గుండు తడుముకుంటూ తొట్టెమీదికి వంగాడు. “ఒక్కరోజు ముందు నిలిచుంటే నీ సొమ్మేం పోయేదే?”

“తొట్టెమీద ఊపిరి వదలకు!” అని కసిరి, పెద్దమేడం అద్దాలాయన వైపు తిరిగింది. “మీ పదిహేను రోజుల సెలవు మీదే. ఇంట్లోనైనా విశ్రాంతిగా ఉండండి. కాదంటే ఊరుకోను.”

కాదనలేదాయన. ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచాడు. వరండా చివరికి వెళ్లాడు. అదీ చాలదన్నట్టు మెట్లు దిగి, ఆవరణ దాటి, సైకిళ్ల షెడ్డు వెనక్కి వెళ్లాడు.

“నిలిచిందే. సెలవిచ్చారు.”

ఫోన్లో పాటలు లేవు. ఏడుపూ లేదు. కిసుక్కున నవ్వు వినిపించింది.

“చూశారా, ముక్కు రుద్దుకున్న వేలు రోజుకోసారి ఆ నీళ్లలో ముంచితే అన్నయ్య వ్యాను తప్పుతుందని నేను చెప్తే నమ్మారు కాదు!”