తప్పిపోయిన కహవాయ్

“నాన్నా, ప్లీజ్, కేకలేయకు,” అంది లవ్లీ గొంతు తగ్గించి.

“నేనేమన్నానే?” అన్నాడు యెహెజ్కేలు.

అనలేదు, నిజమే. కానీ ఫ్రాంక్లిన్ గాలం దారం రెండోసారి కూడా వచ్చి తన దారానికి చుట్టుకునేసరికి ఆయన మీసం అదిరింది. ఆ మీసం అదిరితే తర్వాత ఏమొస్తుందో కూతురికి బాగా తెలుసు.

పోయినేడు హెండర్సన్ పేటవాళ్ళ సంబంధం అలాగే చెడింది. అన్నీ కుదిరాక, భోజనాల దగ్గర వాళ్ళ బంధువొకాయన చారులో ఉప్పు తగ్గిందన్నాడు. “ఉప్పు కావాలంటే బీచికి వెళ్ళండి,” అనేశాడు నాన్న. అంతే, ఆ తర్వాత వాళ్ళ నుంచి ఫోను లేదు. అమ్మ పోయాక ఆయన మాట అలా కరుకుదేరింది. మనసు మాత్రం వెన్న. ఆ సంగతి తెలిసేలోపు వచ్చినవాళ్ళు చెప్పులేసుకుని వెళ్ళిపోతారు, అదీ లవ్లీ బాధ.

అందుకే ఈసారి ఇంట్లో భోజనాలు వద్దంది. ఫ్రాంక్లిన్‌కు చేపల వేటంటే ప్రాణం. నాన్న బాపట్ల వైపు సముద్రపొడ్డున పుట్టి పెరిగినవాడు. ఇద్దరినీ తెచ్చి వైకాటో నది సముద్రంలో కలిసేచోట నిలబెడితే మాటలు వాటంతటవే కలుస్తాయనుకుంది. ఫ్రాంక్లిన్ తల్లి రాహేలమ్మ మాత్రం రాలేదు. “వాడు చూసొస్తాడులే అమ్మా. వాడి మాటే నా మాట,” అంది. ఈపాటికి మనురేవాలో తన ఇంట్లో ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇవాళ ఫ్రాంక్లిన్ సరేనంటే పెళ్ళి ఖాయం. కాదంటే ఇంట్లో ఇంకో సంబంధం మాట ఎత్తడానికి వీల్లేదని నాన్న తెగేసి చెప్పాడు.

సెప్టెంబరు వచ్చింది కాబట్టి ఈ దక్షిణార్ధగోళపు దేశంలో పేరుకు వసంతమే. గాలి మాత్రం చెవులు కోస్తోంది. పోటు మొదలై సముద్రపు నీళ్ళు నదిలోకి ఎగదన్నుతున్నాయి. సన్నటి చేపపిల్లలు గుంపులుగా నది ఎక్కే రోజులివి. వాటిని తరుముకుంటూ కహవాయ్ అనే పెద్ద పెద్ద సముద్రపు చేపలు లోపలికి వస్తాయి. ఒడ్డంతా నల్లటి ఇసుక, బురద. ఆ బురదలో యెహెజ్కేలు చర్చికి వేసుకెళ్ళే బూట్లతో నిలబడ్డాడు. “పెళ్ళి మాటలకి గమ్‌బూట్లేసుకుని పోతారా ఎవరైనా?” అని పొద్దున్నే కూతురి మీద ఎగిరాడు మరి.

“అంకుల్, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?” అడిగాడు ఫ్రాంక్లిన్, ఆయన చిక్కు విప్పుతుంటే చూస్తూ.

“నేనే బాబూ. దీనికి ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో షిఫ్టులు కదా. వచ్చేసరికి వండి పెడతా.”

“బీపీ, షుగర్?”

“బీపీ కొంచెం ఉంది. టాబ్లెట్ వేసుకుంటున్నా.”

ఫ్రాంక్లిన్ హాస్పిటల్లో నర్సు. ప్రశ్నలూ ఆ ధోరణిలోనే వస్తున్నాయి. లవ్లీ ఫ్లాస్కులోంచి టీ పోస్తూ నాన్న మొహం వైపు భయంభయంగా చూసింది. ఆయన విసుక్కోలేదు సరికదా, ఎదురు ప్రశ్న వేశాడు.

“మీ ఇంట్లో కారం బాగా తింటారా?”

“అమ్మ గోంగూరలో పచ్చిమిర్చి గుప్పిళ్ళతో వేస్తుంది అంకుల్.”

“మంచిదే,” అన్నాడు యెహెజ్కేలు ఎంతో తృప్తిగా.

అప్పుడే ఆయన చేతిలో గాలం కర్ర వంగింది. “పడిందే అమ్మాయ్!” అని కేక పెట్టాడు. నీళ్ళలోంచి మూరెడు కహవాయ్ తళుక్కున పైకెగిరి, తల విదిలించి, మళ్ళీ నీళ్ళలో పడింది. ఆయన వెనక్కి లాగుతూ, ముందుకు వదులుతూ దాన్ని ఒడ్డుకు తెస్తున్నాడు. నాన్న మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో! ఫ్రాంక్లిన్ వల పట్టుకుని పరుగెత్తాడు. బురదలో కాలు జారింది. సరిగ్గా వెళ్ళి ఆ దారం మీదే పడ్డాడు. దారం పుటుక్కుమంది. చేప పోయింది. ఫ్రాంక్లిన్ నడుము లోతు నీళ్ళలో కూలబడ్డాడు.

యెహెజ్కేలు తెగిన దారాన్ని చూశాడు. నీళ్ళలో ఉన్న మనిషిని చూశాడు. మీసం అదిరింది.

లవ్లీ కళ్ళు మూసుకుంది. ఈ సంబంధమూ పోయింది.

“దెబ్బేమన్నా తగిలిందా నాన్నా?”

ఆ గొంతు విని కళ్ళు తెరిచింది. నాన్న చర్చి బూట్లతోనే నీళ్ళలోకి దిగి ఫ్రాంక్లిన్‌ను లేవదీస్తున్నాడు. ఒడ్డుకు తెచ్చి, తన జాకెట్ విప్పి తొడిగి, మెడలో మఫ్లరు తీసి అతని తల గట్టిగా తుడిచాడు.

“చేపదేముందిరా, దానికింకా నూకలున్నాయి, పోయింది. నీకు జలుబు చేస్తే మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పను? ఉండు, కారులో హీటర్ వేస్తా.”

యెహెజ్కేలు వణుకుతూ కారు వైపు వెళ్ళిపోయాడు. ఫ్రాంక్లిన్ ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడే తండ్రి పోయిన పిల్లాడని రాహేలమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి లవ్లీకి ఏడుపొచ్చినంత పనైంది.

అతను దూరంగా వెళ్ళి తల్లికి ఫోన్ చేశాడు. గాలికి ఒక్క మాటా వినిపించలేదు. తిరిగొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

“ఆ రెండుసార్లూ చిక్కు కావాలనే పెట్టాను,” అన్నాడు. “కోపమొస్తే ఎలా ఉంటారో చూద్దామని. పడ్డం మాత్రం నిజంగానే పడ్డాను.”

“నాన్న చాలా మంచివారండీ. మాటే కొంచెం...”

“చూశాను కదా.”

“మరి ఆంటీతో ఏం చెప్పారు?”

ఫ్రాంక్లిన్ పొడుగాటి జాకెట్ చేతులు పైకి మడుచుకుంటూ నవ్వాడు.

“మా అమ్మను మీ నాన్నకిచ్చి చేస్తున్నాను, చెల్లీ.”