స్పానర్ పట్టినోడికేం?

"ఆ ఫోను పక్కన పెట్టి పని చూడప్పా ధనంజయా! నీ మెడ అట్లనే వంకర పోతాది," అని గురప్ప కసిరాడు.

మెకానిక్ ధనంజయ చెవిన వేసుకుంటే కదా! కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గురప్ప జీపు ముందరి ఎడమ చక్రాన్ని రెండు చేతులా ఎత్తి తగిలిస్తున్నాడు. చిత్తూరు నుంచి తిరుపతి పోయే రోడ్డు పక్కన షెడ్డు అతనిది. ఫోను వచ్చిన నాటి నుంచీ అక్కడ ఇదే వరస. చేతుల పని చేతులది, నోటి పని నోటిది.

ఫోనులో అవతల ఉన్నది భార్య లోకేశ్వరి. పూతలపట్టు దగ్గర పుట్టింట్లో ఉన్న ఆమె, జ్వరంతో ఉన్న కూతుర్ని తిరుపతి ఆసుపత్రిలో చూపిద్దామని బయలుదేరి, రోడ్డు క్రాసులోని ఒక కొట్టు కాయిన్ బాక్స్ ఫోను నుంచి మాట్లాడుతోంది.

"వచ్చిన బస్సు వచ్చినట్టే నిలపకుండా పోతాండాదయ్యా. పాప ఒళ్లు కాలిపోతాండాది. నువ్వూ వస్తానంటివి గదా?"

"పని ఇడిసిపెట్టి యాడొచ్చేది? ఇంకో బస్సొస్తాదిలే. ఊరికే ఏడవబాక."

అంటూనే నట్లు చేత్తో తిప్పాడు. జాకీ దించాడు. ఎదురుగా ఎవరో వచ్చి ఏదో అడిగితే తల ఊపాడు. "ఊ... ఊ... సరేలే" అని ఫోను పెట్టేసి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అయిపాయె గురప్పన్నా, తీసుకో."

గురప్ప జీపెక్కి కూర్చున్నా ఊరుకోలేదు. "ఒకరికి రెండు పన్లు కుదరవప్పా. పోయిన వారం ఒక వ్యాను డ్రైవరు సెల్లులో మాట్లాడతా మోరీలోకి దూకించినాడు. బండి కదిలిందంటే, ఊరు చేరేదాకా దేవుడే ఫోన్ చేసినా నేను ఎత్తను."

"స్టీరింగ్ పట్టినోళ్లకు ఆ తిప్పలు. స్పానర్ పట్టినోడికేం? దేవుడు రెండు చేతులు, రెండు చెవులు ఇచ్చింది ఎందుకనుకున్నావు?"

"నోరు మాత్రం ఒకటే ఇచ్చినాడు గదప్పా," అని గురప్ప బండి కదిలించాడు.

చాదస్తుడు, అని నవ్వుకున్నాడు ధనంజయ. దారిలో చెయ్యెత్తిన వాళ్లనల్లా ఎక్కించుకుంటూ పోయే ఆ మనిషి తిరుపతి చేరేసరికి ఏ మధ్యాహ్నమో అవుతుంది.

అరగంటకు ఒక వ్యాను వచ్చి ఆగింది. వెనక చక్రం విప్పాలి. వీల్ స్పానర్ కోసం చూస్తే ఉండాల్సిన చోట లేదు. బల్ల కింద వెతికాడు, గోనె పట్టాలు దులిపాడు. ఎదురుగా ఉన్న పంచర్ కొట్టు ఏకాంబరం దాన్ని భుజాన వేసుకుని తాపీగా రోడ్డు దాటి వచ్చాడు.

"ఇదే గదా ఎతుకుతాండావు? ఇందాకే తీసకపోతి. గురప్ప చక్రం తగిలిస్తా ఫోన్లో ఉంటివి. అడిగితే తల ఊపితివి."

ధనంజయ స్పానర్ అందుకోబోయి ఆగాడు. చేత్తో తిప్పిన నట్లను, చక్రం నేలకు ఆనాక, ఈ స్పానర్ వేసి కాలితో తొక్కి బిగించాలి. పదేళ్లుగా చేస్తున్న పని. స్పానర్ ఏకాంబరం కొట్లో ఉంటే మరి గురప్ప జీపుకు బిగించింది దేనితో?

వెంటనే గురప్పకు ఫోన్ కొట్టాడు. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ కొట్టాడు.

"ఎత్తన్నా, నీ కాళ్లు మొక్కుతా, ఎత్తు!"

ఎత్తితే గురప్ప ఎందుకవుతాడు? బండి కదిలింది మరి.

ఇంతలో కాయిన్ బాక్స్ నంబరు కనబడింది. కట్ చేశాడు. మళ్లీ గురప్పకు కొట్టాడు. మళ్లీ అదే నంబరు అడ్డం వచ్చింది. "దీనికి ఇప్పుడే రావల్లా!" అని పళ్లు కొరికి మళ్లీ కట్ చేశాడు. మూడోసారీ అంతే.

"పెండ్లాం ఫోన్ చేస్తాంటే ఎత్తవేంది?" అన్నాడు ఏకాంబరం.

"ఒకేసారి ఇద్దరితో యాడ మాట్లాడేదప్పా!" అని అరిచాడు ధనంజయ.

అరిచాక వెలిగింది. తిరుపతికి పోవాలంటే జీపు పూతలపట్టు క్రాసు దాటాలి. లోకేశ్వరి అక్కడే ఉంది. గురప్పనూ ఎరుగును, జీపునూ ఎరుగును. రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే చాలు, ఆ చాదస్తుడు ఆపేస్తాడు. ధనంజయ కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య అంత అక్కరకు వస్తుందని పెళ్లయినప్పటి నుంచీ ఎన్నడూ అనుకోలేదు. కాయిన్ బాక్స్‌కు ఫోన్ కొట్టాడు. కొట్టు మనిషి ఎత్తాడు.

"అన్నా, నేను చిత్తూరు మెకానిక్ ధనంజయను. ఆడ నా పెండ్లాం ఉండాది, పాపనెత్తుకోని. బిరీన పిలువన్నా! గురప్ప జీపొస్తాది, దాన్ని నిలపమని చెప్పల్ల!"

"నువ్వేనా ఆ మొగుడు? మూడుసార్లు చేస్తే మూడుసార్లూ కోసేసినావంట గదప్పా," అని అవతలి మనిషి నవ్వాడు. "నువ్వు చెప్పేదేంది, ఆ జీపును ఆయమ్మే చెయ్యెత్తి నిలిపె."

"నిలిపిందా? దేవుడా! సల్లగుండన్నా..."

"ఆ మాట నీకు చెప్దామనే చేసింది పాపం. పాపనొళ్లో పెట్టుకోని ముందర సీట్లోనే కూసుండాది. ఇప్పుడే కదిలిపాయె, నువ్వేం దిగులు పడబాక."