తలుపు అవతల

“ఆవిడ తలుపు తియ్యకపోతే ఏం చేద్దాం?” అంది నోల్వెన్. వ్యాను ఇంకా ఊళ్లోకే రాలేదు.

“తీస్తుంది. ముందే వచ్చెయ్యమన్నది ఆవిడేగా,” అన్నాడు యాన్. పొద్దుటినుంచీ భార్యకి ఇదే జవాబు చెప్పి చెప్పి అతనికి నోరు నొప్పి పుట్టింది.

“పెద్దావిడ. ఈలోగా మనసు మారిందేమో.”

“నువ్వూ నీ భయాలూ. కాసేపు కళ్లు మూసుకో.”

మూసుకున్నా నిద్ర పట్టదు. పట్టి చాలా రోజులైంది. వెనకసీట్లో పెట్టెల మధ్య ఒదిగి కూతురు ఎనోరా మాత్రం హాయిగా నిద్రపోతోంది.

ఇల్లు కొన్నది నిరుడు. రాసుకున్న గడువు ఇంకా రాలేదు. ఈలోపల వీళ్లుంటున్న అద్దెయింటి యజమాని కొడుక్కి పెళ్లంటూ ఖాళీ చేయించాడు. ఆ సంగతి తెలిసి, ఇల్లమ్మిన మదామ్ కెర్వెల్లా తనే ఫోన్ చేసింది. “గడువుదాకా ఆగడం దేనికమ్మాయ్, వచ్చెయ్యండి,” అంది. ఆ తలుపు తెరుచుకోకపోతే ఇవాళ పిల్లని పడుకోబెట్టడానికి చోటు లేదు.

సన్నగా వాన పడుతోంది. వ్యాను ఆగగానే పక్కింటి ముసలాయన లె గోఫ్ తన ప్రహరీ గోడమీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

“సామానుతో సహా దిగారే. కాస్త ఆగలేకపోయారా?”

“ఆవిడే రమ్మన్నారండీ,” అంది నోల్వెన్.

“ఆఁ, అలాగే చెబుతారులే ఎవరైనా,” అన్నాడు ముసలాయన. అక్కణ్ణుంచి కదల్లేదు.

నోల్వెన్ గంట నొక్కింది. పలుకు లేదు. తట్టింది. పలుకు లేదు. వంటగది కిటికీలోంచి చూస్తే దీపం వెలుగుతోంది. పొయ్యిమీద పెనం ఉంది. పక్కన గిన్నెలో అట్లపిండి కలిపి ఉంది. మనిషి లేదు.

యాన్ ఇంటిచుట్టూ తిరిగొచ్చాడు. “పెరటి తలుపు లోపల గడియ వేసుంది.”

“చూశావా? జారి పడిపోయిందేమో. మనం వచ్చిన రోజే ఆవిడకేమన్నా అయితే ఈ ఊళ్లో మనం తలెత్తుకోగలమా? అదిగో, ఆయన అప్పుడే ఎలా చూస్తున్నాడో.”

“గట్టిగా అనకు. పిల్ల లేస్తుంది.”

ఈసారి యాన్ పిడికిలితో బాదాడు. 

నోల్వెన్ ఇక నిలబడలేకపోయింది. తడిసిన మెట్టుమీద కూలబడి, తలుపులో ఉత్తరాలు వేసే సందు దగ్గర నోరు పెట్టింది.

“మదామ్, మేం వెనక్కి వెళ్లిపోతాం. మాకు ఇల్లూ వద్దు, గిల్లూ వద్దు. వ్యానులోనే పడుకుంటాం. మీరు బాగున్నానని ఒక్క మాట అనండి, చాలు.”

ఆమెకి ఏడుపొచ్చింది. యాన్ ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. గోడ దగ్గరి ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. 

అప్పుడు తలుపుకి అటువైపు, చెవి పక్కనే అన్నంత దగ్గరగా, కుర్చీ కిర్రుమంది.

“లేమ్మా, లే, తడిసిపోతున్నావు,” అంది మదామ్ కెర్వెల్లా గడియ తీస్తూ, “నేను పోయాకే మీ చేతికి రావాలని రాసుకున్న ఇల్లు కదా, ఎంత తట్టినా నేను పలక్కపోతే మీరు సంతోషిస్తారో, ఏడుస్తారో విందామని కూర్చున్నాను.”