నీలం గళ్ల చొక్కా

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ల కప్పుల మీదికి వేలాడుతూ ఉంది. వెలుతురు చాలక అత్త కుట్టుమిషనును గుమ్మం దగ్గరికి జరుపుకుంది. కొడుకు ప్యాంటు ఒకటి కుట్లు విప్పి పక్కన పరిచి ఉంది.

"అదీ కోసేస్తావా అత్తయ్యా?" అంది కోడలు.

"మోకాళ్ల కింద బట్ట గట్టిగానే ఉంది. బుడ్డదానికి బడి సంచి వస్తుంది."

"ఆయనొస్తే ఏం తొడుక్కుంటాడు?"

అత్త ప్యాంటు కాలును మోకాలి దగ్గర మడత పెట్టింది. కత్తెర అందుకుంది. కొత్త కత్తెర, ఇంకా చేతికి అలవాటు కాలేదు. ముప్పై ఏళ్లు వాడిన ఇనప కత్తెర ఎక్కడో పోయిందట. గుండీ ఒకటి దొర్లిపోతే ఇల్లంతా ఊడ్చి వెతికే మనిషి, కత్తెర పోతే మాత్రం వెతకలేదు.

ఆ ఇంట్లోంచి గుడ్డపేలిక బయటికి పోదు. చీర చిరిగితే తెర, తెర చివికితే గలీబు, గలీబు పీలికలైతే నాలుగు పొరలేసి గిన్నెలు దించే మసిగుడ్డ. "నేసినవాడు కళ్లు పోగొట్టుకుని నేశాడే, పారేస్తే ఉసురు తగులుతుంది" అనేది అత్త. కోడలు కాపురానికొచ్చి ఏడేళ్లు. అత్త వేసిన కుట్టు ఊడటం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

అత్త కొడుకు కనిపించకుండా నెలన్నర అయింది.

ఆ రోజు అతని నీలం గళ్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంటే పిల్ల ఏడ్చింది. కోడలు అటు తిరిగి ఇటు తిరిగేలోగా జేబు మీద బొటనవేలంత మచ్చ పడింది. అతను అదే ఇస్త్రీపెట్టె లాక్కుని ఆమె మోచేతి మీద ఆనించాడు. "బట్ట కాలితే ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు. ఆ చొక్కానే తొడుక్కుని తాగడానికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు. "ఈసారి నీ కూతురికి" అన్నాడు. కోడలు పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి పోయింది. తెల్లారి తిరిగొచ్చేసరికి అత్త పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

"తాగొచ్చాడు. కట్టుబట్టలతో మళ్లీ పోయాడు" అంది, ఉతుకుడు ఆపకుండానే.

పోలీసులొచ్చి అడిగితే వాళ్లకూ అదే చెప్పింది. నీలం గళ్ల చొక్కా, జేబు మీద కాలిన మచ్చ.

ప్యాంటు కాలు ఒకటి సంచి అయ్యేసరికి గుమ్మం ముందు కానిస్టేబులు బండి ఆగింది.

"పెద్దమ్మా, నీ దిగులు తీరింది. మీవాడి ఆచూకీ తగిలింది! పక్క ఊరి బస్టాండులో మూడు రోజులుగా ఒకడు పడుంటున్నాడట. నీలం గళ్ల చొక్కా, మాసిన గడ్డం. పేరడిగితే బూతులు తిడుతున్నాడట."

"తిడితే మావాడేనా?" అంది అత్త.

"చూద్దాంగా. రేపు పొద్దున జీపులో తెచ్చి నీ గుమ్మంలోనే దింపుతాం. అన్నట్టు, ఇంట్లో నా పాత యూనిఫారాలు పడున్నాయి. మా ఆవిడకో సంచి కుట్టిపెట్టరాదూ?"

"ఖాకీకి సూది దిగదు నాయనా. తోలు మందం."

కానిస్టేబులు నవ్వుకుంటూ బండెక్కాడు.

కోడలు కాసేపు గోడకి చేరగిలబడి, లేచి, అటక మీది రేకుపెట్టె దించింది. పిల్ల గౌన్లు ఒక్కొక్కటే మడిచి పెట్టసాగింది.

"ఏమిటే అది?"

"రెండింటి బస్సుకి పోతాను అత్తయ్యా. ఎక్కడికని అడక్కు. తెలిస్తే నీ నోట్లోంచి లాగుతాడు."

"అది వాడు కాదే. నీలం గళ్ల చొక్కాలు వందమందికి ఉంటాయి."

"తిట్టేవాళ్లు?"

"వెయ్యిమంది."

కోడలు నవ్వలేదు. "నువ్వెన్నిసార్లు అడ్డమొచ్చావో, ఎన్నిసార్లు నిన్నూ గోడకేసి తోశాడో నేను మరిచిపోలేదు. కానీ బుడ్డదాని మీద ఇస్త్రీపెట్టె పెట్టిన రోజు నువ్వు అడ్డమొచ్చి ఏం లాభం? కాలింది కాలినట్టే ఉంటుంది."

"వాడు రాడు. కన్నదాన్ని, చెప్తున్నా."

"కన్నదానివి కాబట్టే నీ మాట నమ్మలేను."

అత్త చక్రం మీద చెయ్యి ఆనించి మిషను ఆపింది. సూది వంక చాలాసేపు చూసింది. తరవాత కత్తెర చేత్తో పట్టుకునే వంటింట్లోకి నడిచింది.

"అన్నం తిని పో" అంది లోపలినుంచి. "పిల్లను ఖాళీ కడుపుతో బస్సెక్కించకు."

ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. బుడ్డది నోరెత్తలేదు. పెద్దవాళ్లు మాట్లాడనప్పుడు ఊపిరి కూడా మెల్లగా తియ్యాలని ఆ ఇల్లు దానికి ఎప్పుడో నేర్పింది. అత్త పొగలుగక్కే గిన్నెను మసిగుడ్డతో పట్టుకొచ్చి మధ్యలో దించింది. గుడ్డను మాత్రం కోడలి కంచం పక్కన పెట్టింది. పాత పువ్వుల తెరతో నెల కిందట కుట్టిన గుడ్డ అది, దిండంత మందం.

కోడలు మొదటి ముద్ద కలుపుతూ చూసింది. గుడ్డ ఒక మూల తెరుచుకుని ఉంది. కుట్టు ఊడలేదు. కత్తెర కొనతో, వరసగా, ఒక్కో పోగూ తెంపి ఉంది.

ఆమె తలెత్తింది. అత్త ఎత్తలేదు, మనవరాలి కంచంలో అన్నం చల్లారుస్తోంది.

కోడలు ఎడమచేత్తో ఆ మూలను పైకి లేపింది. చూసి, మళ్లీ మూసి, అరచేత్తో అదిమిపెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుంది.

రెండింటి బస్సు వీధి చివర ఆగి, హారను కొట్టి, వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు.

పువ్వుల గుడ్డ లోపల నీలం గళ్ల జేబు, దాని మీద కాలిన మచ్చ.