పదహారో పేరు

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు పేర్లు చదవకుండానే ప్రభు బల్ల దగ్గరికి వెళ్ళారు.

వెనక బెంచీలో ఒక ముసలామె లేచి నిలబడింది.

"అయ్యగారూ, పేర్లు."

ఊళ్ళో జ్వరాలొచ్చిన ఏడాది పోయిన నలభై ఒక్కమంది పేర్లవి. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారానికి ముందు వాటిని చదవడం యాభై ఏళ్ళకు పైబడిన ఆనవాయితీ.

ఆపించింది సంఘ పెద్ద, తాళాల కొట్టాయన. తాళాలైనా, తంతులైనా ఆయన లెక్క ఒకటే: కదలని సరుకు అరలో ఉండకూడదు. ఆ పేర్లు వింటూ ఎవరూ కన్ను తుడుచుకోవడం లేదు, సగంమంది గడియారం చూసుకుంటున్నారు. నాలుగు నిమిషాలు దండగ.

"అలవాటుగా చదివేదాంట్లో భక్తి ఏముంది?" అని కమిటీని ఒప్పించాడు.

"అవి ఆపేశామమ్మా, కూర్చోండి," అన్నాడు ముందు బెంచీలోంచి.

"కూర్చుంటే గొంతు రాదు బాబూ."

కాగితం లేకుండా మొదటి పేరునుంచి చివరిదాకా చెప్పింది.

పై వారం ఆయన కీబోర్డు గట్టిగా వాయించమన్నాడు. పాట అయిపోయేదాకా ఆమె నిలబడింది. తర్వాత చెప్పింది.

ఆ పై వారం గుమ్మంలోనే ఆపాడు.

"ఆ నలభై ఒక్కమందిలో మీకెవరైనా చుట్టాలా?"

"ఒక్కరూ కారు."

"పదహారో పేరు మా నాన్నది. కన్నకొడుకుని, నాకే పట్టలేదు. మధ్యలో మీకేంటి నొప్పి?"

ఆమె ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"బాగానే ఎదిగావు," అంది. "మాటలూ బాగానే వచ్చాయి."

"లోపలికి రావాలంటే ఆ పేర్లు ఎత్తకూడదు."

"అయితే మెట్లమీద చెప్పుకుంటాను."

చెప్పింది. ఎండలో నిలబడి, లోపలికి వినపడేలా, ఎనిమిది వారాలు.

తొమ్మిదో వారం మెట్లు ఖాళీ.

పీడా వదిలిందనుకున్నాడు. తీరా సంస్కారం వేళకి చెవులు వాటంతటవే మెట్లవైపు తిరిగాయి. నలభై ఒక్క పేర్లూ వరస తప్పకుండా ఆయనకే నోటికొచ్చేశాయి. పాడు ముసలామె.

మూడు రోజులకి ఒకావిడ తాళాల కొట్టుకి వచ్చి, బల్లమీద పాత నోటుపుస్తకం పెట్టింది.

"మా ఇంట్లో అద్దెకుండే పెద్దమ్మ మొన్న శుక్రవారం పోయింది. ఇది మీకివ్వమంది."

"నాకెందుకు?"

"పదహారో పేజీ చూడమంది. ఇంక మీ వంతట."

చూశాడు. ఆ పూట కొట్టు కట్టేశాడు.

ఆదివారం ముందు బెంచీ ఖాళీగా ఉంది. తాళాల కొట్టాయన వెనక బెంచీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఆపమన్నది మీరే కదండీ, కూర్చోండి," అన్నారు అయ్యగారు.

"కూర్చుంటే గొంతు రాదండీ."

మొదటి పేరునుంచి మొదలుపెట్టాడు, ఆయన చేతిలో తెరిచి ఉన్న పేజీలో జ్వరాల వార్డు నర్సు చేతిరాత ఇలా ఉంది: "పదహారో మంచం. ఇంటివాళ్ళెవరూ రాలేదు. నా చెయ్యి వదల్లేదు. రెండేళ్ళ కొడుకున్నాడట, 'వాడికి మాటలొచ్చేదాకా నా పేరు నువ్వు చెప్పు సిస్టరమ్మా' అన్నాడు, సరేనన్నాను."