పందుల ప్లేటు

“ఆ ప్లేటు తీస్తావా, నన్నే వచ్చి పగలగొట్టమంటావా?” గట్టు మీద నిలబడి అడిగాడు సుంకప్ప.

పక్క చేని కొట్టం ముందు మంచం మీద కూర్చున్న ఓబులేసు తల కూడా తిప్పలేదు. కొట్టం మీది మైకులో గిటారు గీపెడుతోంది. దాని వెంట ఎవడో గొంతు చించుకుంటున్నాడు. అది తెలుగో ఇంగ్లీషో ఆ దేవుడికే తెలియాలి.

బెళుగుప్ప పక్కనున్న ఆ పల్లెలో ఒకప్పుడు పెళ్లంటే ఓబులేసు మైకుసెట్టు మోగాల్సిందే. ఇప్పుడు డెబ్బై దాటిన ఓబులేసు ఆ సెట్టునే చేనికి కాపలా పెట్టుకున్నాడు. పొద్దు వాలితే గుట్ట దిగివచ్చే అడవిపందులు సినిమా పాటలకు మూడు రోజుల్లో అలవాటు పడిపోయాయి. ఈ గ్రామఫోను ప్లేటు వేసిన రోజు మాత్రం తోక ముడిచి పరుగెత్తాయి. పరుగెత్తి ఏ అడవికో పోయి ఉంటే గొడవే లేదు. నేరుగా సుంకప్ప వేరుశెనగ చేలో దూరాయి.

వరసగా మూడేళ్లు ఎండబెట్టిన వాన ఈ ఏడే కాస్త కనికరించింది. ఆ నాలుగెకరాలూ పందుల పాలైతే సుంకప్ప మళ్లీ బెంగళూరు పోయి ఇటుకలు మోయాలి. పగలూ రాత్రీ కాపలాకు వంతులు వేసుకుందామంటే తోడబుట్టినవాడూ లేడు. ఉన్న ఒక్క అన్న, సుంకప్ప మూడేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడే, నాయన ఎద్దుల జతను చెప్పకుండా అమ్ముకుని ఊరు వదిలి పోయాడు. వాడి పేరు ఇంట్లో ఎత్తగూడదని నాయన పెట్టిన కట్టడిని, నాయన పోయాక కూడా సుంకప్ప సడలించలేదు. అలా ఒంటి చేత్తో సేద్యం చేసేవాడికి పక్కచేని వాడి మీద ఎంత మంట ఉంటుందో వేరే చెప్పాలా? వయసులో అంత పెద్దవాణ్ణి ‘అన్నా’ అని పిలవడం మానేసి రెండు నెలలైంది.

మరుసటి రోజు మధ్యాహ్నం బెంగళూరు నుంచి తేజ అనే అతను మోటారు సైకిలు మీద దిగాడు. పందులు పరుగెత్తే వీడియో ఎవరో ఫోన్లో పెడితే చూశాడట. పందులను కాదు, పాటను వెతుక్కుంటూ వచ్చాడు. పాత రాక్ రికార్డులంటే అతనికి పిచ్చి. డెబ్బై ఏడులో బెంగళూరులో నలుగురు కుర్రాళ్లు చందాలు వేసుకుని రెండు వందల ప్లేట్లు చేయించారనీ, ఒక్కరూ కొనలేదనీ, ఇప్పుడు ఒకటి కూడా దొరకదనీ, తాను అందులో ఒకే ఒక పాట విన్నాననీ సుంకప్ప ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాడు. పాడినవాడి అసలు పేరు ఎవరికీ తెలియదట. ప్లేటు వచ్చిన ఏడాదికే కామెర్లతో పోయాడట.

“పాట మధ్యలో ఎద్దుల్ని అదిలిస్తాడు సార్. గిటారు మీద ఆ కేకలు వింటే ఒళ్లు జలదరిస్తుంది.”

“ఎద్దుల్ని అదిలించేదానికి బెంగళూరు దాకా పోవల్లా?” అన్నాడు సుంకప్ప. పైకి అలా అన్నాడు గానీ, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు లోపల సంబరపడ్డాడు. ఆ ప్లేటును ఎలాగైనా పట్టుకుపొమ్మని తేజను ఎగదోశాడు.

“మా యమ్మను చూడప్పా. కండ్లు పోయిన మనిషి. ఆ కూత మొదలైతే ఆగేదాకా ముద్ద ముట్టదు. ఆ గోడకాడ్నే కూసోనుంటాది.”

గోడవారన రాతి మీద కూర్చున్న బయమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. మొన్న వీధిలో పోతున్న ఓబులేసును పిలిచి ఆమె మజ్జిగ పోసింది. కూత ఆపమని బతిమాలడానికే అనుకుని సుంకప్ప ఆ రోజంతా ఉడికిపోయాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ కొట్టం దగ్గరికి పోయారు. ఓబులేసు అప్పుడే ప్లేటును మిషన్ మీద పెడుతున్నాడు. ఎంతకైనా కొంటానన్నాడు తేజ.

“అమ్మేదానికి అది నాది గాదు. దాపెట్టమని ఒకరు ఇచ్చినారు.”

“ఒకరు దాపెట్టమనింది పందులకు ఏస్తాండావా?” అడ్డుపడ్డాడు సుంకప్ప.

“రోజూ ఏయమనింది గూడా వాళ్లే.”

ఎవరా ఒకరు అంటే మాట ఇచ్చాను, చెప్పను అన్నాడు. సుంకప్పకు ఇక ఆగలేదు. మిషన్ మీది ప్లేటును లాక్కున్నాడు. ముసలాయన లేచి వచ్చాడు. ఇన్నాళ్లూ తల తిప్పి చూడని ఆ మనిషి రెండు చేతులూ జోడించాడు.

“సుంకా, నీకు దండం పెడతా. కావల్లంటే నా చేనికి నిప్పు పెట్టుకో. దాన్ని మాత్రం ఏం చేయొద్దు.”

అలా దండం పెట్టకపోయి ఉంటే ఏమయ్యేదో. ఆ జోడించిన చేతులు చూశాక సుంకప్పకు రెండు నెలల కసీ ఒక్కసారి తలకెక్కింది. తేజ వద్దని అడ్డం వచ్చేలోపే మోకాలికి వేసి విరిచాడు. విరిగిన ముక్కలను రాతి మీద పడేసి చెప్పుకాలితో తొక్కాడు. తేజ ఆ ముక్కలను ఏరి చొక్కా ఒడిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఓబులేసు తిట్టలేదు, కొట్టలేదు. “పో. మీ యమ్మకు నువ్వే చెప్పుకో” అన్నాడంతే.

చెప్పకుండా ఉంటాడా? ఆమెకు ఇంతకన్నా మంచి కబురు ఏముంటుందనుకుంటూ ఇల్లు చేరాడు. చీకటి పడుతోంది. రెండు నెలల తర్వాత మొదటిసారి పల్లెలో కీచురాళ్ల చప్పుడు వినబడుతోంది. ఆ నిశ్శబ్దాన్ని తల్లే కనిపెట్టి మెచ్చుకోవాలని, సుంకప్ప ఏమీ మాట్లాడకుండా సంగటి పళ్లెం తెచ్చి ఆమె చేతికందేలా పెట్టాడు.

బయమ్మ పళ్లెం ముట్టలేదు. చేను వైపు చెవి ఒగ్గి చాలాసేపు అలాగే కూర్చుంది. సుంకప్ప నవ్వు ఆపుకుంటూ ఎదురుచూశాడు.

“సుంకా, ఈ పొద్దు మీ యన్న పాడలేదేమి?”