గుయ్యిమనే పెట్టె

మొబైల్ షాపాయన చేతిలో ఆ సాయంత్రం ఉన్నవి మూడు: తీగ లేకుండా గది అవతల నుంచే ఫోన్‌కి చార్జింగ్ ఎక్కించే శాంపిల్ పెట్టె, దాన్ని పరీక్షించడానికి వారం గడువు, చెవిమిషన్ పెట్టుకునే తండ్రి.

“నాన్న మిషన్‌తో ఇది పేచీ పెట్టుకోకపోతే షాపులో ముప్ఫై పెట్టెలు దించుతా. ఆయన చెవికి పడనిది ఎవరికీ అమ్మను,” అన్నాడు భార్యతో.

స్విచ్ వేసి, తండ్రి వైపు చూసి తల ఎగరేశాడు.

“గుయ్యిమంటోందిరా!” పెద్దాయన మొహం చిట్లించాడు.

“ఎక్కువగానా?”

“ఏంటి? ఈ గోలలో నీ మాట వినబడి చావట్లేదు. దగ్గరికొచ్చి చెప్పు.”

రోజూ నాలుగు మెతుకులు తిని మళ్లీ షాపుకి పరుగెత్తే మనిషి, కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చున్నాడు.

“నీ ఫోన్ కూడా ఆపు. గుయ్యిమనేది ఏదో తేలాలిగా?”

ఫోన్ ఆపాడు.

మర్నాటి నుంచి నేలమీద సుద్దగీతలు పడ్డాయి. రోజుకో రెండడుగులు పెట్టెను జరపడం, కూర్చోవడం, వేచి చూడడం.

“ఇప్పుడో?” చెవిలో అరిచాడు.

“కాసేపాగు, చెప్తా.” ఆ కాసేపు గంటయ్యేది. “బట్టల కొట్లో నేనూ అంతేరా. దారం కాల్చి చూపించందే తాను చింపేవాణ్ణి కాదు. నువ్వేమో ఆ తానుల మీదే గుర్రుపెట్టేవాడివి.”

“నీ పోలికే వచ్చింది. అందుకే ఈ తిప్పలు!” ఇద్దరూ పగలబడి నవ్వారు.

“మరి గుయ్యి?”

పెద్దాయన చొక్కా జేబు తడుముకుని, “అలాగే ఉంది,” అన్నాడు.

ఏడోరోజు పెట్టె వంటగదిలోకి చేరినా అదే జవాబు. కొడుకు ఉసూరుమంటూ సరుకు పంపినాయనకి ఫోన్ చేశాడు. “నాకొద్దు. మా నాన్న చెవికి పడలేదు.”

“తొందరపడకండి, ఇంకో రకం పంపుతా. మరో వారం చూడండి.”

కొడుకు తండ్రి చెవి దగ్గర వంగాడు. “ఇంకో వారం ఓర్చుకోగలవా నాన్నా?”

“నీ వ్యాపారం కోసం ఆమాత్రం పడనా?”

కొడుకు షాపుకి వెళ్లాక పెద్దాయన జేబులోంచి చిన్న బిళ్ల తీసి కోడలి చేతిలో పెట్టాడు.

“ఏడు సాయంత్రాలు జమ. ఇంకో ఏడు రావాలి. అందాకా ఇది దాచు తల్లీ.”

వారం కిందట చెవిమిషన్‌లోంచి తీసేసిన బ్యాటరీ అది.